రసాయన సమీకరణము: పాఠ్యభాషా విమర్శ

1

కావ్యభాషను గూర్చి మన విమర్శకులు చేసిన విచారము విస్తారమైనది. ఒక్క పద్యమునందలి యొక్క పదమునకై పుటలకొలది వాదప్రతివాదములు నడచిన సందర్భములు మన పత్రికలలో నెన్నియో కలవు. పాఠ్యపుస్తకముల భాషకు మాత్రము అట్టి భాగ్యము పట్టలేదు. అది వాఙ్మయము కాదను తలంపు దీనికి కారణము కావచ్చును. కాని తెలుగు బాలుడు తన పదునాఱవయేటి లోపల చదువు గద్యములో నధికభాగము పాఠ్యపుస్తకపు గద్యమే. ఆ గద్యము స్వచ్ఛమైనచో నతని యాలోచనయు స్వచ్ఛమగును. అది చిక్కువడినచో నతడు శాస్త్రము కఠినమనుకొనునేకాని, వాక్యము కఠినమని యనుకొనడు. దోషము భాషది, నింద బాలునిది. ఈ యన్యాయమే మమ్మీ వ్యాసరచనకు పురికొల్పినది.

ఉన్నతపాఠశాలా విద్యార్థులకు విధిగా చెప్పబడు రసాయన సమీకరణముల పాఠమును మేము విమర్శకు విషయముగా గ్రహించితిమి. ఈ పాఠమునే గ్రహించుటకు హేతువు కలదు. రసాయనశాస్త్రమున బాలుడు పేర్లు నేర్చుకొనుట మాని వాక్యములు వ్రాయ నారంభించున దిచ్చటనే. మూలకముల సంకేతములు వర్ణమాలవంటివి, సంయోగపదార్థముల సూత్రములు పదములవంటివి, సమీకరణము వాక్యము. వాక్యము తప్పినవానికి తరువాతి శాస్త్రమంతయు మూసిన తలుపే.

ఈ విచారమునకు స్థలముగా హైదరాబాదు పడమటి ప్రాంతమును తలపున నుంచుకొంటిమి. మాదాపూరున 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు హైటెక్ సిటీయనియు, సైబరాబాదనియు పేరువడసిన యీ ప్రాంతమున పలు భాషల శాస్త్రవిద్య యిరుగుపొరుగున వర్తిల్లుచున్నది. గచ్చిబౌలియందు 1974లో నేర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర పరిశోధనయు, తెలుగు పరిశోధనయు నొకే ప్రాంగణమున జరుగుచున్నవి. దాని కనతిదూరమున 1998లో వెలసిన మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయ మున్నది. అదే సంవత్సరమున స్థాపితమైన అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ భారతీయభాషల యంత్రానువాదమునం దెన్నదగిన కృషి చేసినది. ఈ భవనముల నీడలోనే ప్రభుత్వపాఠశాలలును కలవు. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తన పాఠశాలలలో 1 మొదలు 8 వఱకు గల తరగతులలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక ప్రక్క ఆంగ్లము, ఒక ప్రక్క తెలుగు గల ద్విభాషాపుస్తకముల నిచ్చినది. ఎదురెదురుగా నిలిచిన యా రెండు పుటలలో తెలుగుపుట నిజముగా చదువబడునా, లేక యలంకారమాత్రమై మిగులునా యనునది ఆ పుటయందలి భాషనుబట్టియే తేలవలసి యున్నది.

2

ముందుగా చరిత్ర. శాస్త్రమును తెలుగున చెప్పుట నేడు పుట్టిన కోరిక కాదు. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథమును తెలుగు చేసినాడు. అతడు మూలమును మక్కికి మక్కిగా దింపక తెలుగు చదువరుల కనువుగా సంతరించెను. శాస్త్రానువాదమున కిదియే మనకు ప్రథమాదర్శము. ఆధునికకాలమున హైదరాబాదు నగరముననే 1906లో విజ్ఞానచంద్రికామండలి యవతరించి, చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగువారి కందింప పూనుకొన్నది. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూభాషను బోధనభాషగా గైకొని, ఆధునికశాస్త్రములను దేశభాషలో నుచ్చవిద్యాస్థాయిని బోధింపవచ్చునని నిరూపించినది. అందులకై ముందుగనే యనువాదశాఖ స్థాపితమై పరిభాషను నిర్మించినది. కేంద్రప్రభుత్వము 1961లో శాస్త్రసాంకేతిక పరిభాషాసంఘము నేర్పఱచినది. 1968లో తెలుగు అకాడమి స్థాపితమై కళాశాలలకు తెలుగు గ్రంథములను, శాస్త్రముల వారీగా పారిభాషికపదకోశములను వెలువరించినది.

కనుక నేడు మనకు పదములు లేవనుట చెల్లదు. పదము లున్నవి. ఆ పదములు పాఠమునందు తమ పని చేయుచున్నవా యనునదే ప్రశ్న.

3

‘సమీకరణము’ అను పదమునే మొదట పరీక్షింతము. గణితమున నీ పదము ప్రాచీనము. బ్రహ్మగుప్తుడు 628వ సంవత్సరమున రచించిన గ్రంథమునుండియు భారతీయ బీజగణితమున నిది వాడుకలో నున్నది. వ్యాకరణదృష్టిని చూడగా నిందు ‘చ్వి’ ప్రత్యయము కలదు. అభూతతద్భావము దాని యర్థము: అనగా పూర్వము కాని దట్లగుట. శుక్లము కానిదానిని శుక్లముగా చేయుట శుక్లీకరణము. భస్మము కానిదానిని భస్మముగా చేయుట భస్మీకరణము. అట్లే సమము కానిదానిని సమముగా చేయుట సమీకరణము.

ఇచ్చటనే చిక్కు కలదు. రసాయనచర్యయందు సమము కానిదేది? కొలిమిలోనైనను, గాజునాళికలోనైనను, పొయ్యిమీదనైనను చర్యకు ముందున్న పరమాణువులే చర్య తరువాతను నుండును. ఒక్కటియు పుట్టదు, ఒక్కటియు నశింపదు. ప్రకృతియందు సమత్వము మొదటినుండియు నున్నదే. అసమమైనది మన వ్రాత. మనము తొందరపడి వ్రాసిన వాక్యమును ప్రకృతికి సరిపడునట్లు దిద్దుటయే తుల్యపఱచుట. ఈ భేదమును పాఠము ఘంటాపథముగ చెప్పవలెను. చెప్పనిచో బాలుడు తానేదో బలవంతముగ రెండు ప్రక్కలను సమము చేయుచున్నానని భావించును. బలవంతము చేయువా డెట్లైనను చేయును. హైడ్రోజను, ఆక్సిజను కలిసి నీరగుటను వ్రాయునపు డతని కిట్టి వాక్యము మొదట లభించును:

హైడ్రోజను అణువు 1 + ఆక్సిజను అణువు 1 → నీటి అణువు 1

ఎడమప్రక్క ఆక్సిజను పరమాణువులు 2, కుడిప్రక్క 1. సమము చేయుమనగానే యతడు నీటి సూత్రమున ఆక్సిజను క్రింద 2 అను సంఖ్యను చేర్చును. లెక్క సరిపోయినది! కాని యతడు వ్రాసినది నీరు కాదు, హైడ్రోజను పెరాక్సైడు. అది గాయములను కడుగుటకును, రంగులు విఱుచుటకును వాడబడు వేఱొక ద్రవ్యము. దాహమునకు నీరడిగినవానికి దానిని పోసినట్లైనది. సరియైన వాక్యమిది:

హైడ్రోజను అణువులు 2 + ఆక్సిజను అణువు 1 → నీటి అణువులు 2

ముందుంచు గుణకము పదార్థ మెంత యున్నదో చెప్పును. సూత్రములోపల క్రిందనుండు సంఖ్య అది యే పదార్థమో చెప్పును. మొదటిది మార్చదగినది, రెండవది ముట్టరానిది. ‘గుణకమును మార్చుము, సూత్రమును మార్చకుము’ అని పుస్తకములు శాసించుచునే యున్నవి. కాని శాసనమునకు హేతువు చెప్పనిచో నది బాలునికి పరీక్షానియమముగా మిగులునేగాని ప్రకృతినియమముగా తోపదు. హేతువు ఒక్కవాక్యమున నిముడును: పేరు మార్చినచో మనిషి మాఱును, లెక్క మార్చినచో మనుష్యుల సంఖ్య మాఱును.

బీజగణితమున అలవడిన సంస్కారము గూడ నిచ్చట కొంత యడ్డుపడును. గణితసమీకరణమున కుడియెడమలు తాఱుమాఱైనను హాని లేదు. రసాయనమున నడుమ నున్నది సమచిహ్నము కాదు, బాణము. కాలము బాణమువలె నొకదిక్కునకు సాగుచున్నదని దాని సూచన. లవాజియే 1789లో ద్రాక్షరసము పులియుటను వివరించుచు, ముందున్న రసమును తరువాత లభించిన పదార్థములతో బీజగణితమున వలె సమముగా నుంచి చూపినాడు. అతని చూపు తూకముపై నున్నది కావున సమచిహ్నము తగియున్నది. తరువాతివారి చూపు చర్య నడచు దిక్కునకు గూడ మఱలినది. 1884లో వాంట్ హాఫ్ ఇరుదిక్కులకును సాగు చర్యలకు జంటబాణములను వాడినాడు. అనగా బాణము దిక్కును చెప్పును. గుణకములు తూకమును చెప్పును. ‘సమీకరణము’ అను పదము రెండవదానినే చెప్పి మొదటిదానిని దాచును.

అట్లని యా పదమును త్రోసివేయవలెనని మా యభిప్రాయము కాదు. అది స్థిరపడినది, గణితముతో చుట్టఱికము కలది. దాని ప్రక్కనే మన పాఠ్యములు వాడు ‘తుల్యము’ అను మాట యున్నది. ఇది మేలైన మాట. తుల యనగా త్రాసు. త్రాసున సరితూగినది తుల్యము. లవాజియే చేతిలోని ప్రధానాయుధము త్రాసే. శ్రీకృష్ణతులాభారపు కథ నెఱుగని తెలుగు బాలుడుండడు. సత్యభామ నగలన్నియు తూగనిచోట రుక్మిణి వేసిన తులసిదళము తూగినది. అది భక్తి మహిమ. రసాయనశాస్త్రపు త్రాసున మాత్రము అట్టి తులసిదళము లేదు. ఇటు 36 పాళ్లున్నచో నటును 36 పాళ్లే యుండవలెను. పై వాక్యమున హైడ్రోజను 4 పాళ్లు, ఆక్సిజను 32 పాళ్లు, నీరు 36 పాళ్లు. ఈ యొక్క పోలికతో ద్రవ్యనిత్యత్వనియమము బాలుని మనస్సున నాటుకొనును. పదము చేతనుండగా దాని వేరును చూపకపోవుట పాఠ్యరచయితల యౌదాసీన్యము.

4

ఇక తక్కిన పరిభాష. చర్యలో పాల్గొనువానిని ‘క్రియాజనకములు’ అనియు, చర్యవలన నేర్పడువానిని ‘క్రియాజన్యములు’ అనియు మన పుస్తకములు వ్యవహరించుచున్నవి. తర్కశాస్త్రపు జన్యజనకభావము నెఱిగినవారి కివి యెంతయు నిర్దుష్టములు. క్రియను పుట్టించునది జనకము, క్రియవలన పుట్టినది జన్యము. వ్యుత్పత్తియందు దోషము లేదు, దోషము శ్రవణమునందు. నలువది యేబదిమంది గల తరగతిలో వెనుకవరుసనున్న బాలునికి ఈ రెండు పదములు నొక్కటిగానే వినబడును. అర్థము పరస్పరవిరుద్ధములైన పదములు ధ్వనియందు కవలలు కారాదు. హిందీవారు ‘అభికారకము’, ‘ఉత్పాదము’ అని రెండు వేఱుధ్వనుల పదములను గైకొనిరి. మనమును జన్యమును ‘ఉత్పన్నము’ అన్నచో చిక్కు తీరును. లేదా తొలిపాఠమున ‘ముందున్నవి’, ‘ఏర్పడినవి’ యని తేటతెలుగున చెప్పి, పిదప పారిభాషికపదమును పరిచయము చేయవచ్చును.

దీనికంటె గురుతరమైన దోషము ‘క్షయ’ శబ్దమునం దున్నది. ఆక్సిజనును గ్రహించుట ఆక్సీకరణము. దానిని కోల్పోవుట క్షయకరణము. ఇది యొక పాఠము. మఱియొక పాఠమున ఇనుము తుప్పుపట్టుట, రాగికి చిలుముపట్టుట మున్నగునవి ‘లోహక్షయము’ అను పేర చెప్పబడును. ఇనుము తుప్పుపట్టుట యేచర్య? ఆక్సీకరణము. అనగా లోహక్షయము క్షయకరణము కాదు. దానికి సరిగా నెదురుచర్య. ఒకే శాస్త్రమున, ఒకే తరగతిలో, ఒకే శబ్దము ఒకచోట ఒకదానిని, మఱియొకచోట దాని విరుద్ధమును తెలుపుచున్నది. ‘ఇనుము క్షయమగునపుడు క్షయకరణము జరుగును’ అని వ్రాసిన బాలుని మన మే న్యాయమున దండింపగలము? అతడు తెలుగు తెలిసినవాడు గనుకనే తప్పినాడు. తెలుగు రానివా డిట్లు తప్పడు.

దీనికి పరిష్కారము చేరువనే యున్నది. ‘తుప్పు’, ‘చిలుము’ అను మాటలు ప్రతియింటను కలవు. లోహక్షయమను సంస్కృతసమాసమును విడిచి, లోహములు తుప్పుపట్టుట, చిలుముపట్టుట యని వాడుకొన్నచో క్షయశబ్దము క్షయకరణమునకే మిగులును. ఇట్టి మార్గము మన పుస్తకములకు తెలియనిదియు కాదు. నూనెపదార్థములు గాలి సోకి చెడి దుర్వాసన కొట్టుటను మన పాఠ్యములు ‘ముక్కిపోవుట’ యని చక్కగా పేర్కొనినవి. వంటయింటి మాట శాస్త్రమున పీటవేసికొని కూర్చున్నది. శాస్త్రమున కేగౌరవభంగమును కలుగలేదు. ఆ మాటను చేర్చిన పండితు లెవరోగాని యభినందనీయులు. అదే చేయి తుప్పునకును చిలుమునకును తలుపు తీయకపోవుట వింత.

మూడవది ‘అణువు’. పాఠ్యపరిభాషలో పరమాణువు మూలకపు మిక్కిలి చిన్న కణము. కొన్ని పరమాణువుల కూడిక అణువు. వైశేషికుల పరమాణుద్వ్యణుకాది కల్పనకును ఇది సన్నిహితమైనదే. కాని వార్తాపత్రికల భాష వేఱు. పత్రికలలో అణుశక్తి, అణుబాంబు, అణువిద్యుత్తు అనువానియందు అణువనగా పాఠ్యపుస్తకపు పరమాణువు. బాలుడు ఇంట పత్రికను చదివి బడికి వచ్చి పుస్తకమును చదువును. సమీకరణమును తుల్యపఱచునపుడు లెక్కింపవలసినది పరమాణువులను. ముందు గుణకములుగా వ్రాయునది సాధారణముగా అణువులను. ఈ రెండు లెక్కలును కలగలిసినచో పాఠమంతయు కలగలియును. పత్రికలను మార్చుట మన వశమున లేదు. కాని పాఠ్యపుస్తకము తొలిపుటలోనే యీ భేదమును రెండు వాక్యములలో హెచ్చరింపవచ్చును.

మూలకముల పేర్లను గూర్చి యొకమాట. ఆమ్లజని, ఉదజని, నత్రజని యను పేర్లు మన పెద్దలు మిక్కిలి శ్రద్ధతో కట్టినవి. వానిలో ‘ఆమ్లజని’ లవాజియే పెట్టిన పేరున కర్థానువాదము. ఆమ్లములన్నిటికిని ఆక్సిజనే మూలమని యతడు తలచినాడు. 1810లో డేవీ క్లోరిను మూలకమని నిరూపించి, హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజను లేదని చూపుటతో ఆ తలంపు చెదరినది. తొలి భాషలో నర్థము మఱుగుపడి పేరు మాత్రము మిగిలినది; తెలుగులోనికి దిగునప్పటికి తప్పుతలంపు మరల బ్రతికివచ్చినది. కనుక పదార్థములకు లోకమంతట చెల్లు పేర్లను గ్రహించుటయే మేలు. నేటి పుస్తకము లట్లే చేయుచున్నవి. కాని నామములతో పాటు క్రియలను గూడ పరాధీనము చేయరాదు. పదార్థముల పేర్లు లోకమువి. అవి చేయు పనులను చెప్పు క్రియలు మనవి. కాలుట, మఱుగుట, విఱుగుట, పులియుట, తుప్పుపట్టుట, ముక్కుట, పొంగుట, గట్టిపడుట: ఇవన్నియు తెలుగువాని యనుభవమున పండిన క్రియలు. ‘మెగ్నీషియము ఆక్సిజనుతో చర్య జరిపి మెగ్నీషియము ఆక్సైడును ఏర్పఱచును’ అను తీరు వాక్యము తప్పుకాదు గాని, దానిలో మంట లేదు. ‘మెగ్నీషియపు తీగ గాలిలో కన్నులు మిఱుమిట్లు గొలుపునట్లు మండి తెల్లని పొడియగును’ అని ముందు చెప్పి, ఆ పొడి పేరు తరువాత చెప్పిన నేమి? ‘అగు’ ధాతువునకు మించిన రసాయనశాస్త్రపదము తెలుగున లేదు. పాలు పెరుగగుటయు, ఇనుము తుప్పగుటయు, రాయి సున్నమగుటయు దానియందే యిమిడి యున్నవి.

5

సున్నపు ప్రసక్తి వచ్చినది గనుక, మంచి పాఠమెట్లుండదగునో ఈ ప్రాంతపు టుదాహరణముతోనే చూపుదుము. గచ్చిబౌలి యను పేరున ‘గచ్చు’ వినబడును. దానికి తూర్పున గోలకొండకోటయు, కుతుబ్‌షాహీల సమాధులును గలవు. ఆ సమాధుల నునుపైన గోడలును, పువ్వులును లతలును సున్నపుగచ్చుతో దీర్చినవే. నేటి సౌధములకు వాడు సిమెంటునకును సున్నపురాయియే ముడిసరకు. ఇండ్ల నేలలకు పఱచు తాండూరు బండలును సున్నపురాతి జాతివే. కావున ఇచ్చటి బాలుడు సున్నపురాతిమీద నిలిచి, సున్నపురాతితో కట్టిన గదిలో చదువుకొనుచున్నాడు.

సున్నపు బట్టీలో రాయి సుమారు 900 డిగ్రీల వేడిమిని కాలినపుడు:

సున్నపురాయి (100 పాళ్లు) → కాల్చిన సున్నము (56 పాళ్లు) + కార్బన్ డైయాక్సైడు (44 పాళ్లు)

కాల్చిన సున్నముపై నీరు పోసినపుడు అది బుసబుస పొంగి వేడి వెడలగ్రక్కును:

కాల్చిన సున్నము (56) + నీరు (18) → తడిసున్నము (74)

గోడకు వేసిన వెల్ల గాలిలోని కార్బన్ డైయాక్సైడును పీల్చుకొని రెండుమూడు దినములలో గట్టిపడి మెఱుగు దేరును:

తడిసున్నము (74) + కార్బన్ డైయాక్సైడు (44) → సున్నపురాయి (100) + నీరు (18)

రాయి బట్టీలో పోగొట్టుకొన్న 44 పాళ్లను గోడమీద మరల సంపాదించుకొని రాయియే యైనది. మొదటిది వియోగము, రెండవది సంయోగము. మొదటిది వేడిమిని గ్రహించును, రెండవది వెలిపుచ్చును. మూడింటను గుణకము లొకటొకటియే కావున తుల్యపఱచు శ్రమ లేదు. కాని తూకములు సరిపోవుట కన్నుల గట్టును. సున్నపుతేటలోనికి ఊపిరి నూదిన పాలవలె తెల్లబడుట కూడ నీ మూడవచర్యయే. ఇన్ని విషయములు ఒక్క ముగ్గురాళ్ల పొయ్యిమీద నిలుచుచుండగా, మన పాఠ్యములు వీనిని వేర్వేఱు పుటలలో, వేర్వేఱు ప్రయోగములుగా విడదీసి చూపుచున్నవి. విడివిడిగా నున్నవి సమాచారము. కూర్చినపుడే కథ యగును.

6

ఇచ్చట నొక పూర్వపక్షము లేవగలదు. సైబరాబాదున యంత్రము లున్నవి. సమీకరణములను తుల్యపఱచుట వానికి క్షణకాలపు పని. అట్టియెడ బాలుని కీ శ్రమయు, ఆ శ్రమకై తెలుగు పరిభాషా విచారమును వ్యర్థము కావా? ఆంగ్లము నేర్చినవానికి యంత్రమే చాలదా?

యంత్రము చేయు పని యెట్టిదో తెలిసికొన్నచో నుత్తరము దానంతట దొరకును. వంటగ్యాసునందలి బ్యూటేను మండుటను గ్రహింతము. బ్యూటేను అణువున కార్బను పరమాణువులు 4, హైడ్రోజను పరమాణువులు 10. తెలియని గుణకములకు క, చ, ట, త యను నక్షరముల నుంతము:

క బ్యూటేను + చ ఆక్సిజను → ట కార్బన్ డైయాక్సైడు + త నీరు

కార్బను లెక్కకు 4క = ట; హైడ్రోజను లెక్కకు 10క = 2త; ఆక్సిజను లెక్కకు 2చ = 2ట + త. క విలువ 1 యైనచో ట 4, త 5, 2చ 13 అగును. అనగా చ ఆఱున్నర. అణువులను లెక్కించునపుడు సగము ఆక్సిజను అణువునకు తావు లేదు కావున అన్నిటిని రెట్టింపు చేసిన 2, 13, 8, 10 వచ్చును. మన పూర్వగణితజ్ఞులు తెలియని రాశులకు కాలకము, నీలకము అని రంగుల పేరుల మొదటి యక్షరములను వాడినది యిట్టి లెక్కలకే. యంత్రమును చేయున దింతమాత్రమే.

కాని యాఱున్నరను పదుమూడుగా నేల మార్చవలెనో యంత్రమునకు చెప్పినవాడు మనిషి. నీటి సూత్రమున సంఖ్య మార్చరాదని చెప్పినవాడును మనిషియే. తప్పుసూత్రము నిచ్చినచో యంత్రము తప్పుసూత్రమునే చక్కగా తుల్యపఱచి చూపును. అట్టి చర్య లోకమున జరుగునా యని లెక్క యడుగదు. బంగారమును నీటిని ఎడమప్రక్క వ్రాసి, కుడిప్రక్క బంగారపు ఆక్సైడును హైడ్రోజనును వ్రాసిన లెక్క సరిపోవును. కాని మెడలోని గొలుసు వానలో తడిసినంతమాత్రమున హైడ్రోజను వెలువడదు. తూకము చర్యకు షరతేకాని, చర్యకు సాక్ష్యము కాదు. కనుక గుణకములు కనుగొనుట యంత్రమునకు విడువదగిన పనియే కావచ్చును. వాక్యము నిజమా కాదా యను విచారము మనిషిది. ఆ విచారము భాషలో జరుగును, బాలునికి చక్కగా వచ్చిన భాషలో చక్కగా జరుగును. యంత్రము పెరిగినకొలది ఈ పాఠమున తుల్యపఱచు కసరత్తు తగ్గి, అర్థవివరణము పెరుగవలెను. అనగా భాష బరువు పెరుగును గాని తగ్గదు.

ఆంగ్లమే చాలునను మాటకు గూడ నిదియే సమాధానము. క్షయకరణమునకు ఆంగ్లమున గల పదమును తగ్గించుట యను నర్థమిచ్చి బాలుని తికమక పెట్టునదే. చిక్కు ఏ భాషలోనైనను కలదు. దానిని విప్పుటకు బాలుని కూడబలుక్కొన్న భాష కావలెను. తెలంగాణమున 2018 నాటి శాసనము పాఠశాలలన్నిటను తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. కాని తెలుగు వాచకమునకును శాస్త్రపాఠమునకును నడుమ గోడ యున్నది. వాచకమున కవిత్వము, కథ, వ్యాసము కలవు; సున్నము రాయియైన కథ లేదు. హైటెక్ సిటీ పరిసరములలో తెలుగు మాతృభాష కాని పిల్లలు పెక్కురు తెలుగును నేర్చుచున్నారు. వారికి తుప్పు, చిలుము, తేట, గచ్చు అను మాటలను నేర్పు తావు వాచకము కాక మఱేది?

7

మా విచారమున తేలినవి యివి. సమీకరణమను పదము నిలువదగినది. తుల్యమను పదమును త్రాసుతో ముడివెట్టి బోధింపవలెను. జనకజన్యములకు ధ్వనిభేదము గల జంట కావలెను. క్షయశబ్దమును ఆక్సీకరణపు చర్యలనుండి తొలగించి తుప్పు, చిలుము అను జీవద్భాషాపదములను నిలుపవలెను. అణుపరమాణుభేదమును పాఠారంభముననే హెచ్చరింపవలెను. పదార్థముల పేర్లు లోకవ్యవహారము ననుసరింపవచ్చును. క్రియలు తెలుగువే కావలెను.

ద్విభాషాపుస్తకపు టెదురుపుటలు రెండును నొక విధమైన సమీకరణములే. ఎడమనున్న యర్థ మంతయు కుడిప్రక్క నుండవలెను. ఒక్క పరమాణువును తఱుగరాదు, ఒక్కటియు పెరుగరాదు. ఐనను పేర్పు మాఱవలెను, ఏలయన మాఱనిచో చర్య జరుగనట్లే. ఆంగ్లవాక్యపు పేర్పు తెలుగున నట్లే నిలిచినపుడు పుటమీద తెలుగులిపి యుండును గాని తెలుగుండదు. పరిశోధకవిద్యార్థులు కావ్యప్రయోగముల కిచ్చు శ్రద్ధలో కొంత యీ పుటలకు గూడ నిచ్చి, శాస్త్రోపాధ్యాయులతో గూర్చుండి యొక్కొక్క పాఠమును పరిశీలించిరేని, భాషాశాఖలకు చేయదగిన పని చాలనంత కలదు. విజ్ఞులు పరిశీలింతురు గాక.